యాత్రికుని రెండవ కన్ను – గాజుపలక నుండి చేతిఫోను వఱకు

భిలాయి ఉక్కునగరమున పవర్ హౌస్ పేటకు ఒక ప్రత్యేకత కలదు. హౌరా నుండి ముంబయికి పోవు రైలుమార్గమును, గ్రేట్ ఈస్టర్న్ రోడ్డును అచ్చట ప్రక్కప్రక్కనే సాగును. పండుగలకు స్వగ్రామములకు బయలుదేరిన తెలుగు కుటుంబములు పెట్టెలతో, సంచులతో, పిల్లలతో ఆ స్టేషను ప్లాటుఫారముపై నిలుచుండుట రెండు మూడు తరములుగా కనబడుచున్న దృశ్యము. రాయపూరు నుండి పార్వతీపురము మీదుగా విజయనగరమునకు రైలుమార్గము 1931 లో పూర్తియైనది. భిలాయిలో ఉక్కు పుట్టుటకు పాతికేండ్లకు పూర్వమే ఏర్పడిన ఆ మార్గము, తరువాతి కాలమున ఉత్తరాంధ్రమునకు చెందిన శ్రామికునకు పుట్టినింటికి దారియైనది.

అట్టి ప్రయాణమునకు మూటలు కట్టునపుడు నేటి ఇండ్లలో ఒక ప్రశ్న తఱచుగా వినబడును. చేతనున్న స్మార్టుఫోను చాలునా? లేక ప్రత్యేకముగా ఒక కెమేరా కొనవలెనా? ఈ యేటి బోనసు సొమ్ముతో కెమేరా కొందమని కుమారుడనును. ఇంట నాలుగు ఫోనులుండగా ఇంకొక యంత్రమెందులకని తండ్రి యనును. ఎవరు దేనితో తీసినను సరే, బొమ్మ తన చేతికి వచ్చునా యని నాయనమ్మ యడుగును. ఈ మూడు మాటలలో కడపటిదే గట్టిమాట.

ఈ వివాదము క్రొత్తదివలె తోచును గాని క్రొత్తది కాదు. దారిలో మోయవలసిన బరువునకును, చిత్రమున దొరకు స్ఫుటత్వమునకును నడుమ జరుగుచున్న ఈ బేరము ఛాయాగ్రహణ విద్యతోపాటే పుట్టినది. ఆ చరిత్రను ఒకమాఱు పరికించినచో నేటి ప్రశ్నకు సమాధానము సులభముగా దొరకును.

ఎడ్లబండ్లపై సాగిన కెమేరా

డాగెర్ కనిపెట్టిన ఛాయాగ్రహణ విధానమును పారిస్ నగరమున 1839 ఆగస్టు 19 న లోకమునకు వెల్లడించిరి. మఱుసటి యేటికే ఆ విద్య కలకత్తా చేరినది. బొంబాయిలో 1854 లోను, మదరాసు, కలకత్తాలలో 1856 లోను ఫోటోగ్రాఫిక్ సొసైటీలు వెలసినవి. ఆ దినములలో కెమేరాతో యాత్ర చేయుటయనగా చిన్న దండయాత్రయే.

మదరాసు సైన్యమున కెప్టెనుగా నుండిన లినేయస్ ట్రైప్ 1855 లో బర్మాకు పోయిన దౌత్యబృందముతో వెళ్ళి చిత్రములు తీసెను. పిదప మదరాసు ప్రభుత్వమునకు ఛాయాచిత్రకారుడుగా నియమింపబడి, 1857 చివరను 1858 మొదటను ఎడ్లబండ్లపై సామగ్రి నెక్కించుకొని శ్రీరంగము, మధుర, తంజావూరు మొదలగు క్షేత్రములను చుట్టివచ్చెను. ఆయన వాడినది కాగితపు నెగటివు. తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానముపై చుట్టును చెక్కిన శాసనములను ఒక్క చిత్రమున పట్టుట సాధ్యము కాకపోగా, ఆయన వానిని ముక్కముక్కగా తీసి, ఇరువదియొక్క ముద్రణలను వరుసగా అతికి, సుమారు పందొమ్మిది అడుగుల పొడవైన చిత్రముగా కూర్చెను. నేడు ఫోనును చేతబట్టి ఎడమనుండి కుడికి త్రిప్పినంతనే పనోరమా చిత్రము సిద్ధమగుచున్నది. ఆనాడు అది రోజుల తరబడి శ్రమ.

తెలుగువారు ట్రైపును స్మరింపవలసిన కారణము వేఱొకటి కలదు. వాల్టర్ ఇలియట్ 1845 లో అమరావతీ స్తూపమునొద్ద త్రవ్వించిన శిల్పఫలకములు అప్పటికి మదరాసులో నుండెను. ట్రైపు 1858 లో వానికి చిత్రములు తీసెను. మఱుసటి యేడే, 1859 లో, ఆ శిల్పములలో పెక్కు ఓడనెక్కి లండనుకు తరలిపోయినవి. కృష్ణాతీరపు రాళ్ళు సముద్రము దాటకముందు ఈ నేలపై ఎట్లుండెనో తెలుపు సాక్ష్యము ఆ చిత్రములే. ఇంతటి పనికిని దీర్ఘాయువు లేకపోయెను. ఖర్చు ఎక్కువయని గవర్నరు ట్రెవెల్యాను 1860 నాటికి ఆ శాఖను మూయించెను. కార్యాలయములలో పొదుపు ఉత్తరువులు నిన్న మొన్నటివి కావని ఉద్యోగులు గ్రహింపవచ్చును.

ఇంగ్లండులో ఆర్చరు 1851 లో కనిపెట్టిన తడి కొలోడియను విధానము చిత్రమున స్ఫుటత్వమును మిక్కిలి హెచ్చించినది. యాత్రికుని కష్టమును సైతము హెచ్చించినది. గాజుపలకకు మందు పూసి, అది తడిగా నుండగనే కెమేరాలో నమర్చి, చిత్రము తీసి, తడి యాఱకముందే కడిగి స్థిరపఱుపవలెను. కావున ఫోటోగ్రాఫరు ఎచ్చటికి పోయినను చీకటి గుడారము, గాజుపలకల పెట్టెలు, మందుసీసాలు, నీళ్ళు వెంటపోవలసినదే. శామ్యూల్ బోర్న్ 1863, 1864, 1866 సంవత్సరములలో హిమాలయములకు మూడు యాత్రలు చేసినపుడు సామాను మోయుటకు పదులకొలది కూలీలు నడచిరి. మూడవ యాత్రలో ఆయన పద్దెనిమిది వేల అడుగులకు పైబడిన మణిరంగ్ కనుమపై చిత్రములు తీసెను. ఆ చిత్రముల క్రింద ఆయన పేరున్నది. పలకలు మోసినవారి పేర్లు లేవు. కెమేరా బరువు తగ్గిన కథలో మొదట తగ్గినది ఆ కూలీల వీపులమీది బరువేయని మఱవరాదు.

సెలవు పెట్టిన ఉద్యోగి

ఈ చరిత్రలో ప్రభుత్వోద్యోగులకు ఆప్తుడైన వ్యక్తి లాలా దీనదయాళుడు. ఆయన 1844 లో మీరట్ సమీపమునందలి సర్ధనాలో జన్మించెను. రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందూరులో పబ్లిక్ వర్క్సు శాఖయందు అంచనాలు వేయు ఉద్యోగమునను, నక్షాలు గీయు ఉద్యోగమునను కుదిరెను. 1874 ప్రాంతమున వినోదముగా కెమేరా చేపట్టెను. సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట 1882–83 లో బుందేల్‌ఖండపు కట్టడములను చూచుచు చిత్రములు తీసెను. ఆ చిత్రములు 1886 లో గ్రంథరూపమున వెలువడినవి. మొదట సెలవు తీసికొని, తుదకు ఉద్యోగమునే వదలి, సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పెను. 1894 లో ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి, రాజా బిరుదముతో గౌరవించెను.

దీనదయాళునికి తోడ్పడినది పొడి గాజుపలక. ఇంగ్లండున మాడాక్స్ అను వైద్యుడు 1871 లో దానికి దారి చూపెను. పలకను ముందుగనే సిద్ధపఱచి పెట్టెలో నుంచుకొని, తీసిన పిదప తీరికగా కడుగవచ్చును. చీకటి గుడారము యాత్రనుండి తొలగిపోయినది. బరువు సగమైనను, పలక పెద్దదే. అందలి సూక్ష్మరేఖ చెడలేదు. హైదరాబాదులో అంతఃపుర స్త్రీల కొఱకు 1892 లో ఆయన ప్రత్యేకముగా ఒక స్టూడియో తెఱచి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల వనితకు అప్పగించెను. ఘోషా పద్ధతిలో నుండు వనితలకు సైతము తమ రూపము చిత్రముగా నిలుపుకొను అవకాశము కలిగినది.

ఆయన 1905 లో మరణించెను. ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళాకేంద్రము 1989 లో ఆయన గాజు నెగటివులు 2,857 సేకరించినది. నూఱేండ్లు దాటిన ఆ పలకలనుండి నేటికిని ముద్రణలు తీయవచ్చును. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుట మంచిది. వ్యాసాంతమున దీనితో పనిపడును.

చిన్నదానిని చిన్నచూపు చూచిన కాలము

అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ 1888 లో కోడక్ కెమేరాను అమ్మకమునకు పెట్టెను. అందు గాజు లేదు. చుట్టగా చుట్టిన ఫిల్ము కలదు. నూఱు బొమ్మలు తీసి, కెమేరాను కర్మాగారమునకు పంపినచో వారే కడిగి, ముద్రించి, క్రొత్త ఫిల్ము నింపి తిరిగి పంపుదురు. ఒక డాలరు ధరకు 1900 లో బ్రౌనీ వచ్చినది. మీట నొక్కువాడు ఫోటోగ్రాఫరెట్లగునని ఆ విద్యలో తలపండినవారు ముక్కు విఱిచిరి. అయినను పిల్లలు, గృహిణులు, విహారయాత్రికులు కెమేరా చేపట్టినది అప్పుడే.

లైప్‌జిగ్ ప్రదర్శనమున 1925 లో లైకా వెలువడినది. దానిని రూపొందించిన ఆస్కార్ బార్నాక్ సినిమా ఫిల్మును అడ్డముగా నడిపించి 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు గల నెగటివును సాధించెను. అరచేతి వెడల్పు పలకలకు అలవాటుపడినవారికి అది తపాలాబిళ్ళవలె కనబడెను. ఇంత చిన్న నెగటివుతో మంచి చిత్రము వచ్చునా యని సందేహించినవారు పెక్కుమంది. కాలవైచిత్ర్యమేమనగా, ఆనాడు మఱుగుజ్జుదని ఎగతాళికి గుఱియైన ఆ 36, 24 మిల్లీమీటర్ల కొలతయే నేడు ఫుల్ ఫ్రేమ్ అను పేర పెద్ద కెమేరాలకు ప్రమాణమై కూర్చున్నది. ఫోనును చిన్నచూపు చూచువారు ఈ సంగతిని తలచుకొన్నచో తమ మాటలో కొంత తగ్గింతురు.

పండ్రెండు బొమ్మల యాత్ర

భిలాయిలో ఉక్కు కర్మాగారము నెలకొల్పుటకు భారత, సోవియట్ ప్రభుత్వములు 1955 ఫిబ్రవరి 2 న ఒడంబడిక చేసికొన్నవి. మొదటి బ్లాస్టు ఫర్నేసును రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదు 1959 ఫిబ్రవరి 4 న ప్రారంభించెను. ఆ తొలి సంవత్సరములలో వచ్చిన శ్రామికుని ఇంట కెమేరా అరుదు. స్టూడియోలో తెఱముందు నిలుచుండి తీయించుకొన్న చిత్రమే స్వగ్రామమునకు పోవు ఉత్తరములో చేరును. కుమారుడు ఒడలు చేసినాడా, చిక్కినాడా యని తల్లి ఆ చిత్రమును చూచి తేల్చుకొనును. పెండ్లిసంబంధములు సైతము ఆ చిత్రముల మీదనే నడచెను.

తరువాత బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్-3 వంటి సులభమైన కెమేరాలు మధ్యతరగతి ఇండ్లలో ప్రవేశించినవి. 120 నెంబరు ఫిల్ము చుట్టలో పండ్రెండు చదరపు బొమ్మలు. తిరుపతి యాత్రకైనను, పూరీ యాత్రకైనను ఆ పండ్రెండే. కొండపై మూడు, సముద్రమునొద్ద రెండు, తాతగారితో ఒకటి యని ఇంటి యజమాని బడ్జెటు వేసినట్లు పంచును. మీట నొక్కకముందు అందఱును ఊపిరి బిగబట్టి నిలుచుందురు. ఎవరైన కన్నుమూసినచో ఆ నష్టము తీఱనిది. ఫిల్మునకు విదేశములపై ఆధారపడుట మానుటకు కేంద్రప్రభుత్వము 1960 లో ఉదకమండలమున హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థను స్థాపించినది. ఇందు అను పేర వెలువడిన ఆ ఫిల్ము దేశమంతట వ్యాపించినది. ఆ కర్మాగారము ఇప్పుడు లేదు. ఆ ఫిల్ముపై పడిన ముఖములు మాత్రము పెక్కు ఇండ్లలో అట్ట ఆల్బములయందు నల్లని మూలల నడుమ భద్రముగా నున్నవి.

ఫిల్ము పోయి అంకెలు వచ్చుట

కోడక్ సంస్థలో ఇంజనీరు స్టీవెన్ సాసన్ 1975 లో ఫిల్ము లేని కెమేరాను నిర్మించెను. దాని బరువు సుమారు 3.6 కిలోలు. నూఱు చుక్కల వెడల్పు, నూఱు చుక్కల ఎత్తు గల నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్టుపై నెక్కించుటకు అది 23 సెకనులు తీసికొనెడిది. జపానులో 2000 నవంబరులో షార్పు సంస్థ కెమేరా గల చేతిఫోనును వెలువరించినపుడు అందలి చుక్కలు ఒక లక్షా పదివేలు మాత్రమే. అది ఆటబొమ్మయని జనులు తలచిరి. చరిత్ర మఱల అదే పాఠము చెప్పినది.

జపాను కెమేరా పరిశ్రమ సంఘపు లెక్కలను బట్టి 2010 లో ప్రపంచమునకు పంపిన డిజిటల్ కెమేరాలు పండ్రెండు కోట్లకు పైగా నుండగా, 2020 నాటికి అవి 89 లక్షలకు దిగజాఱినవి. ఫోటోను ఇంటింటికి చేర్చిన కోడక్ సంస్థయే 2012 జనవరిలో దివాలా రక్షణము కోరినది. ఫిల్ము లేని కెమేరాకు జన్మనిచ్చినవారే దాని చేత దెబ్బతినిరి.

ఏది ఎందులకు

ఇంత కథ విన్న పిమ్మట నేటి ప్రశ్నకు రావచ్చును. ఫోనునకును, కెమేరాకును మూలమైన భేదము వెలుతురు పట్టు పాత్రలోనిది. ఫుల్ ఫ్రేమ్ కెమేరాలోని సెన్సారు వైశాల్యము 864 చదరపు మిల్లీమీటర్లు. మేలురకపు ఫోనులో ముఖ్యమైన సెన్సారు సుమారు డెబ్బది చదరపు మిల్లీమీటర్లు. వానలో గంగాళమును, గ్లాసును ఒక్కతూరి బయటపెట్టినట్లే. ఎండ కాయునపుడు ఈ భేదము కనబడదు; వెలుతురు సన్నగిల్లినపుడు బయటపడును.

ఈ లోటును ఫోను యుక్తితో పూడ్చుకొనును. ఒక్క మీట నొక్కినంతలో అది పెక్కు చిత్రములను తీసి, ఒకదానిపై నొకటి పొందించి, మంచి భాగముల నేఱి ఒక్కటిగా కూర్చును. రాత్రి కొలిమినుండి వచ్చిన స్లాగు అను చిట్టెమును పాఱబోసినపుడు భిలాయి ఆకాశము కెంపెక్కుటను పవర్ హౌస్ వాసులెఱుగుదురు. కదలని ఆ ఆకాశపు కాంతిని నేటి ఫోను మేడమీదినుండి చక్కగానే పట్టును. కాని అదే చీకటిలో పరుగెత్తు పిల్లవానిని తీయబోయినచో పెక్కు చిత్రములను పొందించు యుక్తి తడబడి ముఖము అలికినట్లగును. పెద్ద సెన్సారు గల కెమేరా ఒక్క క్షణముననే ఆ ముఖమును పట్టగలదు.

రెండవ భేదము దూరము. భారత సోవియట్ మైత్రికి చిహ్నముగా 1972 లో వెలసిన మైత్రీబాగులో కందకమునకు ఆవల పడుకొన్న తెల్లపులిని తీయవలెనన్నచో నిజమైన దూరపు లెన్సు కావలెను. ఫోనులో రెండువ్రేళ్ళతో పెద్దది చేసిన బొమ్మ కొంతవఱకే నిలుచును. ఆపై అది ఉన్న చుక్కలనే సాగదీయుట మాత్రము. బస్తరులో ఇంద్రావతి సుమారు ముప్పది మీటర్ల ఎత్తునుండి దుముకు చిత్రకూట జలపాతమును తీయుటకు మాత్రము ఫోనే మేలు. అంత వెడల్పైన దృశ్యము దాని లెన్సులో ఇముడును. తుంపరలో తడిసిన చేతితో లెన్సులు మార్చు బాధ లేదు. సిర్పూరున ఏడవ శతాబ్దపు ఇటుక కట్టడమైన లక్ష్మణాలయపు ద్వారబంధమునందలి శిల్పమును గోడపై వ్రేలాడదీయు పటముగా ముద్రింపవలెనన్నచో కెమేరా గెలుచును. అదే శిల్పమును సాయంకాలమునకు బంధువులకు చూపవలెనన్నచో ఫోను గెలుచును.

కావున ఇట్లు తేల్చవచ్చును. ఏడాదికి ఒకటి రెండు మాఱులు స్వగ్రామమునకో, పుణ్యక్షేత్రమునకో పోవు కుటుంబమునకు ఫోను చాలును. ఆ సొమ్ముతో మఱొక యాత్ర చేయుటయే మేలు. పక్షులను, మృగములను, రాత్రి జాతరలను, రంగస్థల నాటకములను తీయు అభిలాష కలవానికి, ఆ విద్యను ఓపికతో నేర్చుకొనువానికి కెమేరా అవసరము. కొని బీరువాలో దాచువానికి మాత్రము ఏ కెమేరాయును తగినది కాదు. బరువని ఇంటనే విడిచివచ్చిన యంత్రము ఎంత గొప్పదైనను దారిలో పనికిరాదు. ట్రైపు బండ్ల కాలమునుండి నేటివఱకు ఈ చరిత్ర చెప్పుచున్నది ఇదియే.

నాయనమ్మ ప్రశ్న

అయినను అసలు ప్రమాదము ఈ రెండింటిలో దేనిని ఎన్నుకొనుటయందును లేదు. పండ్రెండు బొమ్మలు తీసిన కుటుంబము పండ్రెండింటిని కాపాడుకొనినది. పండ్రెండు వందలు తీసిన కుటుంబము, ఫోను నీటబడిన నాడో, పాతది ఇచ్చి క్రొత్తది తెచ్చుకొన్న నాడో, అన్నింటిని పోగొట్టుకొనుచున్నది. వాట్సాపులో మామూలుగా పంపిన బొమ్మ దారిలోనే చిక్కి సగము స్ఫుటత్వమును కోల్పోవును. చేతులు మాఱిన కొలది ఇంకను క్షీణించును. మూలచిత్రము మొదటి ఫోనుతోడనే పోవును. దీనదయాళుని గాజుపలకలు నూఱేండ్లు నిలిచినవి. నిరుడు తీసిన సంక్రాంతి ముగ్గు ఈ యేడు దొరకుట లేదు.

భిలాయి తెలుగువారికి ఈ మాట మఱింత ముఖ్యము. తొలితరమువారు ఒకరి తరువాత నొకరు రాలిపోవుచున్నారు. వారు పుట్టిన ఇల్లు ఒకచోట, పనిచేసిన కొలిమి ఒకచోట, స్థిరపడిన వాడ వేఱొకచోట. ఈ మూడింటిని ఒక్కచోట చూపు సాక్ష్యము ఆ పాత ఆల్బములు మాత్రమే. వాని వెనుక పేరు, ఊరు, సంవత్సరము వ్రాసియున్నచో మనుమలకు వంశచరిత్ర దొరకినట్లే. వ్రాయనిచో ఎవరో ఒక అపరిచితుడు నిలుచున్నట్లే.

ఫోనుతో తీసినను, కెమేరాతో తీసినను, యాత్రనుండి వచ్చిన వారమునాటికి పండ్రెండు మేలైన చిత్రములను ఏఱి కాగితముపై ముద్రించి, వెనుక పేర్లు వ్రాసి, మూలమును వేఱొకచోట భద్రపఱచు ఇల్లు ఈ వివాదమున గెలిచిన ఇల్లు. ఆ కట్టలోనిదొక బొమ్మ విజయనగరము బండిలో నాయనమ్మ చేతికి చేరిన నాడు, అది ఏ యంత్రముతో తీసినదని ఆమె అడుగదు. కండ్లజోడు సవరించుకొని, ముఖమును వ్రేలితో తడిమి, ఒడలు చేసినాడా, చిక్కినాడా యని మాత్రము చూచును.